అడ్డగాలిలో చిన్న విమానాన్ని దించడం ఎలా?

జూన్ నెల మొదలైందంటే హైదరాబాదులో విమాన శిక్షణ పొందుతున్న విద్యార్థుల నుంచి నాకు పదేపదే వచ్చే ప్రశ్న ఒక్కటే. గాలి పక్కనుంచి కొడుతున్నప్పుడు సెస్నాను రన్‌వే మధ్యగీత మీద నిలకడగా ఎలా దించాలి? తెల్లవారుజామున గాలి దాదాపు నిశ్చలంగా ఉన్నప్పుడు చక్కగా వచ్చిన ల్యాండింగ్, నైరుతి రుతుపవనాలు ప్రవేశించాక ఒక్కసారిగా చేజారిపోయినట్లు అనిపించడం సహజమే. ప్రశాంతమైన గాలిలో ఐలరాన్ (రెక్కను ఎత్తి దించే పలక), రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) అనే రెండింటికీ ఉన్న వేర్వేరు బాధ్యతలు బయటపడవు కాబట్టి, వాటిని విడివిడిగా వాడే అలవాటు చాలామందికి ఏర్పడదు.

ఇక్కడి భౌగోళిక పరిస్థితిని కూడా ముందే గమనించాలి. బేగంపేటలోనూ శంషాబాద్‌లోనూ రన్‌వేలు 09/27, అంటే తూర్పు పడమరలుగా ఉన్నాయి. వానాకాలంలో గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. అది సూటిగా పడమర నుంచి వస్తే రన్‌వే 27 మీద, అంటే పడమర ముఖంగా, దిగేవారికి మంచి ఎదురుగాలి అవుతుంది. నైరుతికి తిరిగిన కొద్దీ ఎడమవైపు నుంచి కొట్టే అడ్డగాలిగా మారుతుంది. ఉత్తరం నుంచో దక్షిణం నుంచో బలంగా వీచినప్పుడు మాత్రం, రెండు చోట్లా రన్‌వేల దిశ ఒకటే కనుక, ఒక విమానాశ్రయం వదిలి మరొక దానికి వెళ్ళినంత మాత్రాన ఉపశమనం దొరకదు. కాబట్టి గాలిని లెక్కగట్టడం, కావాల్సినంత ఇంధనంతో బయలుదేరడం ఇక్కడి పైలట్‌కు చాలా ముఖ్యం.

ఈ వ్యాసం మూడు చక్రాల్లో ముందుచక్రం ముక్కు కింద ఉండే చిన్న విమానాల కోసం, ఉదాహరణకు సెస్నా 152, 172, పైపర్ వారియర్ వంటి వాటి కోసం రాసింది. తోకచక్రం ఉన్న విమానాల పద్ధతి కొంత వేరు. ఇందులోని ఏ అంశమైనా మీ విమానం హ్యాండ్‌బుక్‌కు గానీ, మీ ఇన్‌స్ట్రక్టర్ సూచనకు గానీ భిన్నంగా అనిపిస్తే, వాటినే పాటించండి. ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేకుండా వీటిని మొదటిసారి ప్రయత్నించకండి.

సిద్ధాంతం ఒక్క పేరాకు మించి అవసరం లేదు. విమానం పక్కకు కొట్టుకుపోకుండా ఆపే పని ఐలరాన్‌ది. ముక్కును రన్‌వేకు సూటిగా ఉంచే పని రడ్డర్‌ది. ఈ రెండు పనులనూ తారుమారు చేయకూడదు, రెండింటినీ విమానం ఆగేవరకూ వదిలిపెట్టకూడదు. అడ్డగాలిలో జరిగే తప్పులు దాదాపు అన్నీ ఈ రెండు షరతుల్లో ఏదో ఒకటి తప్పడం వల్లనే జరుగుతాయి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

• మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఇచ్చిన అడ్డగాలి అంకె. సెస్నా 152కు అది 12 నాట్లు (నాట్ అంటే వేగానికి వైమానిక కొలత), 172ఎస్‌కు 15, పైపర్ వారియర్‌కు 17. ఇవి ధ్రువీకరణ సమయంలో పరీక్షించి నిరూపించిన విలువలు మాత్రమే, చట్టబద్ధమైన పరిమితులు కావు. అయినా శిక్షణలో ఉన్నవారు వీటిని పరిమితులుగానే భావించాలి. మీ శిక్షణ సంస్థ నిర్ణయించిన హద్దు సాధారణంగా ఇంతకంటే తక్కువే ఉంటుంది, మీకు వర్తించేది అదే.

• తాజా గాలి సమాచారం. మీటార్‌లో (విమానాశ్రయ వాతావరణ నివేదికలో) ఇచ్చేది పది నిమిషాల సగటు, కంట్రోల్ టవర్ చెప్పేది రెండు నిమిషాల సగటు. మీటార్‌లోని దిశ భౌగోళిక ఉత్తరం ఆధారంగానూ, టవర్ చెప్పే దిశ అయస్కాంత ఉత్తరం ఆధారంగానూ ఉంటాయి. హైదరాబాదులో ఈ రెండింటి మధ్య తేడా చాలా స్వల్పం కనుక మనకు అది ఇబ్బంది కాదు. కానీ మరొక విషయం ఉంది. సగటు కంటే 10 నాట్లు లేదా అంతకు మించి ఎక్కువైతేనే మీటార్‌లో గస్ట్ అంకె చేరుస్తారు. కాబట్టి ఆ అంకె లేదంటే గాలి విసుర్లు లేవని అర్థం కాదు, 8 నాట్ల విసురు అందులో కనిపించకుండానే ఉండవచ్చు.

• రెండు మూడు సార్లు గో-అరౌండ్ (దిగడం మాని మళ్ళీ పైకి ఎక్కడం) చేసి, ఆపైన గాలి తగ్గేవరకు వేచి ఉండటానికి గానీ వేరే చోటికి వెళ్ళడానికి గానీ సరిపడా ఇంధనం. ఇంధనం తక్కువగా ఉన్న పైలట్‌కు చెడ్డ ల్యాండింగ్‌ను వదులుకోవడానికి మనసు ఒప్పదు.

• సరిగా అమర్చుకున్న సీటు. చాలామంది దీన్ని చిన్న విషయంగా తీసిపారేస్తారు, నేను మాత్రం మొదట దీన్నే చూస్తాను. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే రెండు రడ్డర్ పెడల్స్‌నూ ఒక్కొక్కటిగా చివరి వరకూ తొక్కి చూడండి. మడమ లేచిపోయినా, నడుము జారినా, కాలు పూర్తిగా చాచవలసి వచ్చినా సీటును ముందుకు జరపండి. ఆ తర్వాత సీటు పట్టాల మీద లాక్ పడిందో లేదో ముందుకూ వెనక్కూ గట్టిగా కుదిపి నిర్ధారించుకోండి. పెడల్ గట్టిగా తొక్కిన క్షణంలో సీటు వెనక్కి జారితే విమానం మీ చేతుల్లో ఉండదు.

దశల వారీగా చేయవలసినవి

1. అడ్డగాలి ఎంతో లెక్కగట్టండి.

రన్‌వే దిశకూ గాలి దిశకూ మధ్య కోణం 30 డిగ్రీలైతే గాలి వేగంలో సగం, 45 డిగ్రీలైతే దాదాపు 70 శాతం, 60 డిగ్రీలైతే దాదాపు 90 శాతం అడ్డగాలి అవుతుంది. టవర్ "240 డిగ్రీలు, 18 నాట్లు, గస్ట్ 28" అని చెప్పిందనుకోండి. రన్‌వే 27 దిశ 270 డిగ్రీలు, కోణం 30 డిగ్రీలు కనుక అడ్డగాలి 9 నాట్లు, విసురులో 14. సెస్నా 172కు ఇది 15కు లోపలే ఉంది. అయితే అదే గాలి మరొక 20 డిగ్రీలు దక్షిణానికి తిరిగితే, వేగం ఏమాత్రం పెరగకుండానే అడ్డగాలి 14 నాట్లకూ, విసురులో 21కీ చేరుతుంది. అందుకే ఒక్క అంకెను లెక్కగట్టి తృప్తి పడకండి. దిశ ఎటు మారితే పరిస్థితి మీ హద్దు దాటుతుందో కూడా ముందే తెలుసుకోండి. ఎప్పుడూ గస్ట్ అంకెతోనే నిర్ణయం తీసుకోండి.

హెచ్చరిక: ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత క్యుములోనింబస్ (ఉరుముల) మేఘాలు కమ్ముకున్నప్పుడు, వాన ఇంకా దూరంగా ఉండగానే దాని ముందు ఈదురుగాలి దూసుకువస్తుంది. దుమ్ము లేవడమే దాని తొలి గుర్తు. ఆ గాలి క్షణాల్లో దిశ పూర్తిగా మార్చుకోగలదు. దానికి ముందే దిగిపోదామని పందెం వేయడం కంటే దూరంగా వెళ్ళి వేచి ఉండటమే సరైన నిర్ణయం.

2. వేగాన్నీ ఫ్లాప్స్‌నూ డౌన్‌విండ్‌లోనే నిర్ణయించుకోండి.

డౌన్‌విండ్ అంటే దిగే దిశకు వ్యతిరేకంగా, రన్‌వే పక్కగా సాగే దశ. సగటు గాలికీ గస్ట్‌కూ మధ్య తేడాలో సగాన్ని మీ మామూలు అప్రోచ్ (దిగడానికి వచ్చే) వేగానికి కలపండి. పై ఉదాహరణలో తేడా 10 నాట్లు కనుక 5 కలపాలి. మామూలుగా 65 నాట్లతో వచ్చేవారు 70తో వస్తారు. అంతకు మించి కలపవద్దు. భయంతో అదనంగా తెచ్చుకున్న వేగమంతా రన్‌వే మీద తేలుతూ ఖర్చు చేయవలసిందే, ఆ తేలే సమయమంతా అడ్డగాలి విమానాన్ని పక్కకు తోస్తూనే ఉంటుంది.

ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) విషయంలో, రన్‌వే పొడవు అనుమతించినంత మేరకు తక్కువ వాడమని సెస్నా హ్యాండ్‌బుక్ సూచిస్తుంది. 172లో 20 డిగ్రీలకు మించిన ఫ్లాప్స్‌తో తీవ్రమైన స్లిప్‌లు (ఒక రెక్క దించి, వ్యతిరేక రడ్డర్‌తో పక్కవాటంగా ఎగరడం) వద్దని కూడా అందులో ఉంది, ఎందుకంటే కొన్ని పరిస్థితుల్లో ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక) స్వల్పంగా ఊగవచ్చు. బేగంపేట రన్‌వే 3 కిలోమీటర్లకు పైగా పొడవుంది కనుక, అక్కడ గట్టి అడ్డగాలిలో పూర్తి ఫ్లాప్స్ వాడవలసిన అవసరం నాకు కనిపించదు. చిన్న ఎయిర్‌స్ట్రిప్ మీద దిగేటప్పుడు మాత్రం ల్యాండింగ్ దూరాన్ని మళ్ళీ లెక్క చూసుకోండి.

3. బేస్ లెగ్‌లో గాలి మిమ్మల్ని నెడుతోందో ఆపుతోందో ముందే తెలుసుకోండి.

రన్‌వే 27కు ఎడమ సర్క్యూట్‌లో (ఎడమ మలుపులతో రన్‌వేను చుట్టి) వస్తున్నారనుకుందాం. అప్పుడు బేస్ లెగ్‌లో, అంటే రన్‌వేకు అడ్డంగా సాగే దశలో, విమానం ఉత్తరానికి వెళుతుంది, నైరుతి గాలి కొంతమేర వెనకనుంచి నెడుతుంది. నేల మీద వేగం పెరిగి, ఫైనల్ (రన్‌వేకు సూటిగా వచ్చే చివరి దశ) మలుపు ఆలస్యమై, మధ్యగీతను దాటి అవతలికి వెళ్ళిపోతారు. ఈ చోట జరిగే పొరపాటు ప్రాణాంతకం. మధ్యగీతను అందుకోవాలన్న ఆత్రుతతో ఎడమ రడ్డర్ ఎక్కువగా తొక్కి ముక్కును బలవంతంగా తిప్పడం, రెక్క మరీ వంగిపోతోందని ఐలరాన్‌ను వ్యతిరేకంగా తిప్పడం, ముక్కు కిందికి దిగుతోందని కాలమ్‌ను (చేతితో పట్టే కంట్రోల్‌ను) వెనక్కి లాగడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. తక్కువ ఎత్తులో స్టాల్ అయి (రెక్కలు ఎత్తే బలం కోల్పోయి) స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ పడిపోవడంలోకి) వెళ్ళడానికి ఇంతకంటే నేరుగా తీసుకువెళ్ళే దారి లేదు.

చేయవలసినది: మలుపును మామూలు కంటే ముందే మొదలుపెట్టండి. వంపు 30 డిగ్రీలు దాటనివ్వకండి, పక్కజారుడును చూపే మీటర్‌లోని బంతిని మధ్యలో ఉంచండి. అయినా గీత దాటిపోతే దాటనివ్వండి, నెమ్మదిగా తిరిగి రండి, లేదా గో-అరౌండ్ చేయండి.

4. ఫైనల్‌లో క్రాబ్‌తో మధ్యగీతను పట్టుకోండి.

గోదావరి ప్రవాహానికి అడ్డంగా రేవు చేరాలనుకునే పడవవాడు పడవ ముక్కును ఎగువకు తిప్పి నడిపినట్లు, విమానం ముక్కును గాలివైపు తిప్పి, రెక్కలు సమంగా, బంతి మధ్యలో ఉంచి రండి, దీన్నే క్రాబ్ అంటారు. మీ ముక్కు ఎటు చూస్తోందన్నది ముఖ్యం కాదు, మీరు మధ్యగీత పొడిగింపు మీదే కదులుతున్నారా అన్నది ముఖ్యం. రన్‌వే రెండు అంచులూ మీకు ఒకే వాలుతో కనిపిస్తూ ఉంటే సరిగ్గా ఉన్నట్లే.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన కొలత ఉంది. 60 నాట్ల ప్రాంతంలో ఎగిరే విమానానికి ఒక్కొక్క నాట్ అడ్డగాలికీ సుమారు ఒక్కొక్క డిగ్రీ క్రాబ్ కావాలి. రన్‌వే 27 మీద ఫైనల్‌లో 300 అడుగుల వద్ద స్థిరంగా ఉండి, మీ హెడింగ్ (ముక్కు చూసే దిశ) 260 చూపుతుంటే, ఆ ఎత్తులో అడ్డగాలి 10 నాట్లకు తక్కువ కాదు. అదే 250 చూపుతుంటే 20 నాట్ల పైమాటే, అంటే మీరు చేసుకున్న లెక్క ఇక చెల్లదు. టవర్‌ను మరొకసారి విండ్ చెక్ అడగండి. సాధారణంగా నేలకు దగ్గరయ్యే కొద్దీ గాలి తగ్గి క్రాబ్ కూడా తగ్గుతుంది. 200 అడుగుల వద్ద కూడా అది తగ్గకుండా అలాగే ఉంటే గో-అరౌండ్‌కు మనసును సిద్ధం చేసుకోండి.

5. క్రాబ్ నుంచి స్లిప్‌లోకి మారండి. ఇదే అసలు పరీక్ష.

నేర్చుకుంటున్నవారు ఈ మార్పును 200 నుంచి 300 అడుగుల మధ్య చేయడం మంచిది, అప్పుడు సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది. ఎడమవైపు నుంచి గాలి వస్తోందనుకుంటే, కుడి రడ్డర్‌ను నెమ్మదిగా తొక్కి ముక్కును రన్‌వేకు సూటిగా తీసుకురండి. అదే సమయంలో ఐలరాన్‌తో ఎడమ రెక్కను కొద్దిగా దించండి. ఇప్పుడు విమానం గాలివైపుకు జారాలని చూస్తుంది, గాలి దాన్ని అవతలికి నెడుతుంది. రెండూ సరిసమానమైతే మధ్యగీత మీద నిలుస్తుంది. కుడికి కొట్టుకుపోతుంటే రెక్కను మరికాస్త దించండి. ఎడమకు జారుతుంటే రెక్కను కాస్త ఎత్తండి. ముక్కు అటూ ఇటూ పోతే కాలితో సరిచేయండి, చేతితో కాదు.

స్లిప్‌లో ఈడ్పు పెరుగుతుంది కనుక కిందికి దిగే రేటు పెరుగుతుంది. థ్రాటిల్ కొద్దిగా పెంచి దాన్ని సరిచేయండి, వేగాన్ని కళ్ళతో చూస్తూ ఉండండి.

రడ్డర్‌ను పూర్తిగా తొక్కినా ముక్కు రన్‌వేకు సూటిగా రావడం లేదంటే, లేదా ముక్కు సూటిగా ఉన్నా రెక్కను ఎంత దించినా విమానం పక్కకు కొట్టుకుపోతూనే ఉందంటే, ఈ గాలి ఈ విమానం సామర్థ్యాన్ని దాటిందని అర్థం. కాగితం మీది లెక్క ఏమి చెప్పినా విమానం చెప్పే ఈ మాటే తుది మాట. ఇంత స్పష్టమైన జవాబు 200 అడుగుల ఎత్తులో ఉచితంగా దొరుకుతుంది, నేల మీద దానికి చాలా ఖరీదు చెల్లించాలి. వెంటనే గో-అరౌండ్ చేయండి.

ప్రత్యామ్నాయం: ఫ్లేర్ (నేలకు కాస్త పైన ముక్కును ఎత్తి దిగుదలను తగ్గించడం) వరకూ క్రాబ్‌లోనే వచ్చి, చక్రాలు తాకడానికి ముందు ముక్కును సూటిగా తిప్పడం మరొక పద్ధతి. అనుభవం ఉన్న పైలట్లు దీన్నే ఇష్టపడతారు, ప్రయాణం కూడా సుఖంగా ఉంటుంది. కానీ ముక్కును ఒక క్షణం ముందు తిప్పితే విమానం పక్కకు జారుతుంది, ఒక క్షణం ఆలస్యమైతే చక్రాలు అడ్డంగా తాకుతాయి. ఆ క్షణాన్ని పట్టుకునే నేర్పు స్లిప్ బాగా వచ్చాకే వస్తుంది. కాబట్టి ముందు స్లిప్ నేర్చుకోండి.

6. ఫ్లేర్ చేసి, గాలివైపు చక్రం మీద దించండి.

ఫ్లేర్ మొదలుపెట్టగానే చాలామంది చేతులు తమకు తెలియకుండానే రెక్కలను సమం చేసేస్తాయి. అలా జరగనివ్వకండి. వేగం తగ్గే కొద్దీ కంట్రోల్స్ పట్టు తగ్గుతుంది, థ్రాటిల్ మూసే కొద్దీ రడ్డర్ మీద ప్రొపెల్లర్ గాలి కూడా తగ్గుతుంది. అంటే రెక్కను దించి ఉంచడానికీ ముక్కును సూటిగా ఉంచడానికీ ఐలరాన్, రడ్డర్ రెండూ ఇంకా ఇంకా పెంచుతూ పోవాలి. చూపును రన్‌వే చివరికి సాచండి. ఎడమ సీటులో కూర్చున్నవారు ఇంజిన్ మూత మధ్యభాగాన్ని కాక, తమ రెండు మోకాళ్ళ మధ్య నుంచి నేరుగా ముందుకు చూపు సాచి, గీతకు సూటిగా ఉన్నారో లేదో చూడాలి. మూత మధ్యభాగాన్ని బట్టి చూస్తే ముక్కు వంకరగా ఉన్నా సూటిగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది.

గాలివైపు ప్రధాన చక్రం మొదట తాకాలి, ఆ తర్వాత రెండోది, చివరగా ముందుచక్రం. ఒక చక్రం మీద దిగడం పొరపాటు కాదు, అదే సరైన ల్యాండింగ్. రెండో చక్రాన్ని తొందరపడి కిందికి నొక్కకండి, వేగం తగ్గితే అది తనంతట తానే దిగుతుంది. ముందుచక్రం తాకే ముందు రడ్డర్‌ను మధ్యకు దగ్గరగా తీసుకురండి, ముఖ్యంగా పెడల్స్‌తో ముందుచక్రం నేరుగా కలిసి ఉండే పైపర్ వంటి విమానాల్లో. లేకపోతే తిరిగి ఉన్న చక్రం నేలను తాకి విమానాన్ని ఒక్కసారిగా పక్కకు లాగుతుంది.

7. దిగిన తర్వాత ఐలరాన్ పెంచుతూ పోండి.

ల్యాండింగ్ పూర్తయిందనుకుని కాలమ్‌ను మధ్యకు వదిలేయడం నేను అందరికంటే ఎక్కువగా సరిదిద్దవలసి వచ్చే తప్పు. వేగం తగ్గే కొద్దీ ఐలరాన్ బలహీనపడుతుంది కానీ గాలి బలహీనపడదు. కాబట్టి కాలమ్‌ను గాలివైపుకు క్రమంగా తిప్పుతూ, విమానం టాక్సీ వేగానికి వచ్చేసరికి చివరి వరకూ తిప్పి ఉంచాలి. దిశను రడ్డర్‌తో కాపాడండి. మూడు చక్రాలూ నేల మీద స్థిరపడే వరకూ బ్రేక్ ముట్టుకోకండి. తోక పెద్ద నిలువు రెక్కలా గాలిని పట్టి ముక్కును గాలివైపుకు తిప్పాలని చూస్తుంది, దాన్ని ముందే ఊహించి కాలు సిద్ధంగా ఉంచండి.

8. టాక్సీలో కూడా గాలి దిశను మరవకండి.

రన్‌వే 27 మీద దిగి తూర్పుగా తిరిగి వస్తుంటే, నైరుతి గాలి మీకు కుడివైపు వెనకనుంచి వస్తుంది. అప్పుడు కాలమ్‌ను ఎడమకు తిప్పి, ముందుకు నెట్టి ఉంచాలి. గాలి ముందునుంచి ఏటవాలుగా వస్తుంటే కాలమ్‌ను గాలివైపుకు తిప్పి, ఎలివేటర్‌ను మధ్యలో ఉంచాలి. 172 వంటి ఎత్తు రెక్కల విమానాలు వెనక గాలికి సులభంగా లేస్తాయి, అందుకే మలుపుల్లో వేగం బాగా తగ్గించండి.

గో-అరౌండ్ గురించి ప్రత్యేకంగా

గో-అరౌండ్ ఓటమి అని భావించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అడ్డగాలిలో అది పథకంలో ఒక భాగం. విమానం ఎగిరి తేలిపోతూ పక్కకు జారుతున్నా, ముక్కు సూటిగా లేకున్నా, మొదటి మూడోవంతు రన్‌వేలో చక్రాలు తాకకపోయినా మరో ఆలోచన వద్దు.

పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. కార్బ్యురేటర్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు పేరకుండా వేడిగాలి ఇచ్చే మీట) ఉన్న విమానంలో దాన్ని చల్లటి వైపుకు నెట్టండి. పవర్ పెరగగానే ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్‌తో ఆపండి. 172లో ఫ్లాప్స్ 20 డిగ్రీలకు మించి ఉంటే వెంటనే 20కి తెచ్చి, 60 నాట్లతో ఎక్కండి. మిగిలిన ఫ్లాప్స్‌ను ఎత్తు, వేగం వచ్చాకే దశలుగా తీయండి. స్లిప్‌ను తీసేసి, ముక్కును గాలివైపుకు తిప్పి మళ్ళీ క్రాబ్‌లోకి వెళ్ళండి.

వేసవిలో మరొక జాగ్రత్త కావాలి. బేగంపేట సముద్రమట్టానికి 1,700 అడుగులకు పైగా ఎత్తులో ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలుచదనాన్ని బట్టి లెక్కగట్టే ఎత్తు) 5,000 అడుగులు దాటుతుంది. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, విమానం ఆలస్యంగా ఎక్కుతుంది, పైగా ఎయిర్‌స్పీడ్ మీటర్‌లో 65 కనిపించినా అసలు వేగం 70 నాట్లకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి గో-అరౌండ్ నిర్ణయాన్ని చలికాలం కంటే ముందుగానే తీసుకోవాలి.

తరచుగా జరిగే మరికొన్ని పొరపాట్లు

పక్కకు జారుతున్నప్పుడు రడ్డర్‌తో మధ్యగీత వైపు తిప్పడానికి ప్రయత్నించడం అన్నిటికంటే సాధారణమైనది. రడ్డర్ ముక్కును మాత్రమే తిప్పుతుంది, విమానం వంకరగా ఉన్న స్థితిలోనే పక్కకు జారుతూ ఉంటుంది. జారుతున్నారంటే రెక్కను దించండి.

ఎక్కువ వేగంతో వచ్చి విమానాన్ని బలవంతంగా నేలకు అదమడం రెండోది. అప్పుడు బరువంతా ముందుచక్రం మీద పడి, ప్రధాన చక్రాలు తేలిపోతూ ఉంటాయి, విమానం ముందుచక్రం చుట్టూ గిరగిరా తిరిగిపోగలదు. అలా అనిపిస్తే కాలమ్‌ను కొద్దిగా వెనక్కి తీసుకుని బరువును ప్రధాన చక్రాల మీదికి తెండి, లేదా గో-అరౌండ్ చేయండి.

పైలట్లు తక్కువగా మాట్లాడుకునే పొరపాటు మరొకటి ఉంది. రన్‌వేకు గాలివైపున హ్యాంగర్లు, భవనాలు, చెట్ల వరుసలు ఉన్నచోట గాలి ఒక్కసారిగా ఆగిపోయి, కొన్ని మీటర్ల తర్వాత మళ్ళీ విసురుగా తగులుతుంది. ఆగిన చోట విమానం గాలివైపుకు జారుతుంది, వెంటనే రెక్క ఎత్తుతారు, అంతలో విసురు తగిలి అవతలికి పోతుంది. మీరు దిగే చోటికి దగ్గరగా ఉన్న విండ్‌సాక్‌ను (గాలి దిశను చూపే గుడ్డ గొట్టాన్ని) చివరి క్షణాల్లో ఒకసారి చూడండి. అది ఊగిసలాడుతూ దిక్కులు మారుస్తుంటే, కంట్రోల్స్‌ను పెద్దగా కాక చిన్నచిన్నగా, ఆగకుండా కదుపుతూ ఉండటానికి సిద్ధపడండి.

సరిగ్గా దిగారో లేదో ఎలా తెలుసుకోవాలి?

చెవితో మొదలుపెట్టండి. సరైన ల్యాండింగ్‌లో ఒక టైరు పొట్టిగా కీచుమంటుంది, కొద్ది క్షణాల తర్వాత రెండోది. దీర్ఘంగా, గరగరమని ఈడ్చినట్లు వినిపిస్తే చక్రాలు అడ్డంగా తాకాయని అర్థం. శరీరం కూడా చెబుతుంది. తాకిన క్షణంలో మీ భుజం తలుపు వైపుకో, పక్క సీటు వైపుకో ఒరిగితే విమానం పక్కకు జారుతూ దిగినట్లే.

ఇంజిన్ ఆపిన తర్వాత చక్రాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టైర్లను చూడండి. టైరు నడిమి భాగంలో కాక అంచున, పక్కవాటంగా రాపిడి గీతలు కొత్తగా కనిపిస్తే, రబ్బరు పొట్టులాగా లేచి ఉంటే, ముక్కును సూటిగా చేయడం ఆలస్యమైందని తెలుసుకోండి. ఏ చక్రానికి ఆ గుర్తు ఉందో చూసి, గాలి ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకుంటే జరిగినది స్పష్టంగా అర్థమవుతుంది. గట్టిగా పక్కకు కొట్టినట్లు అనిపిస్తే మాత్రం మీరే తీర్పు ఇచ్చుకోకుండా ఇంజినీరుకు తెలియజేసి, పరీక్ష పూర్తయ్యే వరకు ఆ విమానాన్ని ఎవరికీ అప్పగించకండి.

టాక్సీకి వచ్చిన క్షణంలో మీ చేతిని ఒకసారి గమనించుకోవడం మరొక పరీక్ష. కాలమ్ గాలివైపు చివరి వరకూ తిరిగి ఉందా, మధ్యలో ఉందా? మధ్యలో ఉంటే, ల్యాండింగ్ ఎంత మెత్తగా అనిపించినా, ఆ రోజు గాలి మిమ్మల్ని ఉపేక్షించింది.

సాధన ఎలా పెంచుకోవాలి?

మొదట తగినంత ఎత్తులో, కింద ఒక తిన్నని రోడ్డునో కాలువనో ఎంచుకుని, ముక్కును దానికి సూటిగా ఉంచుతూ ఎడమ రెక్క దించి కొంతసేపు, కుడి రెక్క దించి కొంతసేపు స్లిప్ చేయండి. ఇక్కడే కాళ్ళూ చేతులూ విడివిడిగా పనిచేయడం నేర్చుకుంటాయి. తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌తో, టవర్ అనుమతి తీసుకుని, పొడవైన రన్‌వే మీద చక్రాలు తాకించకుండా తక్కువ ఎత్తులో స్లిప్‌లో చివరివరకూ వెళ్ళండి. రెక్కను కాస్త ఎక్కువ దించి ఎడమ అంచు వైపుకు, కాస్త తక్కువ దించి కుడి అంచు వైపుకు, మళ్ళీ మధ్యకు వచ్చి చూడండి, ముక్కు మాత్రం అంతసేపూ సూటిగానే ఉండాలి. నా ఉద్దేశంలో పది మామూలు సర్క్యూట్ల కంటే ఇలాంటి ఒక్క పరుగు ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే మామూలు ల్యాండింగ్‌లో మీకు స్లిప్‌లో దొరికేది కొన్ని సెకన్లే.

శిక్షణ షెడ్యూల్ అంతా తెల్లవారుజామునే ఉంటే, వారానికి ఒకటి రెండు సార్లయినా గాలి లేచే పూట డ్యుయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగరడం) ఇప్పించమని మీ ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. 5 నాట్ల అడ్డగాలిలో నమ్మకం కుదిరాక 8కి, ఆ తర్వాత 10కి వెళ్ళండి. సోలో (ఒంటరిగా ఎగిరే) హద్దును మాత్రం డ్యుయల్‌లో మీరు హాయిగా చేయగలిగిన దానికంటే బాగా తక్కువగా ఉంచుకోండి. లాగ్‌బుక్ రిమార్కుల్లో ప్రతి ల్యాండింగ్‌కూ రన్‌వే, టవర్ చెప్పిన గాలి, 200 అడుగుల వద్ద ఉన్న హెడింగ్, మొదట తాకిన చక్రం రాసి పెట్టుకోండి. రెండు నెలల తర్వాత ఆ పేజీలను ఇన్‌స్ట్రక్టర్ ముందు ఉంచితే, మీ హద్దును పెంచవచ్చో లేదో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.